గడప కింద నిధి

2023 ఎండాకాలం. ఫంక్షన్ హాళ్ల గేట్ల దగ్గర మెటల్ డిటెక్టర్లు అమర్చడం, పాడైతే బాగుచేయడం నా వృత్తి. దాంతోపాటు పోయిన నగలు వెతికిపెడతాను. పెళ్లి లాన్లలో జారిపోయిన కమ్మలు, ఇసుక కుప్పలో కలిసిపోయిన ఉంగరాలు, ఇలాంటివి. మా షాపు చాంద్రాయణగుట్టలో. ఫోన్ చేసినవాళ్లలో సగంమంది నా గొంతు వినగానే "మీ సార్‌కు ఇయ్యమ్మా" అంటారు. సార్ లేడు, ఉన్నది నేనే అని చెప్పీ చెప్పీ ప్రాణం విసిగిపోయింది.

ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి, పసుపు టోకు వ్యాపారం చేసే రాజేశం గారు ఆ మాట చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు. "మీ సార్‌ను మషీన్ పట్కొని జల్ది రమ్మను. ఇంట్ల పనున్నది" అని అడ్రసు చెప్పి పెట్టేశారు. నేనే వెళ్లాను.

దుకాణం వెనక సందులో పాత మేడ. వీధి తలుపు రెక్కలు ఊడదీసి గోడకు ఆనించారు. గడప ఉండాల్సిన చోట నడుము లోతు గొయ్యి, పక్కన మట్టి కుప్ప. గొయ్యి ద్వారబంధం దాటి గోడ కిందికి కూడా పాకింది. తలెత్తి చూస్తే గోడ నెర్రె ఇచ్చి, ఆ నెర్రె పై గది కిటికీ దాకా పోయింది. ఆ కిటికీలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

"పైన ఎవరున్నారండీ?" అని గొయ్యి పక్కన నిలబడ్డ రాజేశం గారిని అడిగాను.

"మా బిడ్డ. కాన్పుకొచ్చింది. ఇంకా పురుడు స్నానం గూడ కాలే."

నాకు ఒళ్లు మండిపోయింది. బాలింతనూ పసిగుడ్డునూ పైన పడుకోబెట్టి, కింద పునాది తవ్విస్తున్నాడీ పెద్దమనిషి!

ఆయన చేత తవ్విస్తున్న మహానుభావుడు వేరే ఉన్నాడు, కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అందరూ స్కానర్ సాబ్ అంటున్నారు. ఆయన యంత్రానికి ఒక తెర, ఆ తెర మీద రంగురంగుల బొమ్మ. పసుపు రంగు కనిపిస్తే బంగారమట. నన్ను చూడగానే ఉలిక్కిపడ్డాడు.

"ఏంది రాజేశమన్నా, ఆడోళ్ల నీడ పడొద్దని చెప్పిన్నా లేదా? నిధి జరుగుతది!"

"సార్ వస్తడనుకున్న, గీమె వచ్చింది" అని రాజేశం గారు నసిగారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి అసలు బాధ చెప్పారు. "మొదట్ల సాబ్ మషీన్ మస్తు మోగింది మేడం. తవ్వినంక మోగుతలేదు. నిధి కిందికి జారిందంటుండు. మీ మషీన్‌తోని ఒక్కపారి సూడుండ్రి."

వచ్చిన పని ముందు చేద్దామనుకున్నాను. మొదట గ్రౌండ్ బ్యాలెన్స్ చేశాను. అంటే మట్టిలో సహజంగా ఉండే ఇనుముకు యంత్రం మోగకుండా సరిచేయడం. గొయ్యి అంతా తిప్పితే చడీచప్పుడు లేదు. మట్టి కుప్ప మీద తిప్పాను. కంగుమని మోగింది. మోగే వస్తువు తవ్విన మట్టితోపాటే బయటికి వచ్చేసిందన్నమాట. టార్గెట్ ఐడీ, అంటే లోహం ఏదై ఉండొచ్చో చెప్పే అంకె, వెండికో రాగికో వచ్చేటంత ఎక్కువగా ఉంది. బంగారానికి తనదంటూ ఒక అంకె లేదు. సన్నటి ఉంగరానికీ మిఠాయి మీది రేకుకూ ఒకే అంకె రావచ్చు. తెర మీద రంగు చూసి ఇది బంగారమేనని ఒట్టేసేవాడు అబద్ధమాడుతున్నట్టే.

"ఈ గడప పెట్టినప్పుడు కింద ఏమేశారు?" అని అడిగాను.

"నాకేం ఎరుక మేడం? అది ఆడోళ్ల పూజ."

అప్పుడు అర్థమైంది నాకు. గడప కింద పంచలోహాలో వెండో వేయని ఇల్లు ఈ సందుల్లో ఎన్ని? మగవాళ్లు ఆ వేళకు బయట మేస్త్రీతో బేరంలో ఉంటారు. ఏం వేశారో తెలిసింది ఆడవాళ్లకే. ఈ దొంగ ఏ ఇంటికెళ్లినా గడప మోగుతుంది. చెప్పగలిగిన నోళ్లను మాత్రం ముందే నీడ పేరు చెప్పి దూరం పెడతాడు!

"నన్నడుగు బిడ్డా, నేను చెప్త" అంటూ మెట్లు దిగి వచ్చింది రాజేశం గారి భార్య బాలమణి. "పాత గడపకు చెదలు పట్టిందని మార్చినప్పుడు మా అత్త, నేను పెట్టినం. పంచలోహం ముక్కలు, వెండి బిళ్ళ. నా పట్టీ తెగితే గజ్జె గూడ ఏసిన."

పిన్‌పాయింటర్ అని జానెడు కడ్డీ ఉంటుంది, వస్తువు ఉన్న చోటు సరిగ్గా చూపిస్తుంది. దాన్ని మట్టి కుప్పలో గుచ్చి వెతికాను. చిలుమెక్కిన ముక్కలు, బిళ్ళ, చివరికి గజ్జె దొరికాయి. గజ్జెను ఆమె కొంగుతో తుడిచి చూసుకుంది.

స్కానర్ సాబ్ గుడ్లప్పగించి చూస్తాడనుకున్నాను. చప్పట్లు కొట్టాడు! "చూసిన్రా అన్నా! ఆడమనిషి దిగంగనే బంగారం వెండి అయింది!"

దానికన్నా ఘోరం, రాజేశం గారు నమ్మారు. "నిన్నెవరు దిగమన్నరే?" అని భార్య మీద లేచారు.

ఇక నేను ఆగలేకపోయాను. "సిగ్గులేదా మీకు? గోడ కూలితే పైనున్నది మీ కూతురు!" అని అరిచాను. అంతలో నెర్రె దగ్గర గోడ గిలాబు పెళ్ల ఒకటి ఊడి గోతిలో పడింది. పైన బిడ్డ కెవ్వుమంది.

బాలమణి పైకి వెళ్లి, కూతురినీ బిడ్డనూ వెనక మెట్ల మీదుగా పక్కింటికి చేర్చి వచ్చింది. పార తీసుకుని గోతిలో మట్టి వేయడం మొదలుపెట్టింది. రాజేశం గారు పెళ్ల ఊడిన చోటుకేసి చూసి, తానూ ఒక పార అందుకున్నారు. స్కానర్ సాబ్ "నిధి అలిగింది" అని గొణుగుతూ యంత్రం సర్దుకుని వెళ్లిపోయాడు. పోలీసులకు చెబుదామంటే, "తవ్వినందుకు నా మీద గూడ కేసైతది, ఇజ్జత్ పోతది" అని రాజేశం గారు దండం పెట్టారు. ఇలాంటి దొంగలను సాకేది ఈ పరువే.

మేస్త్రీ వచ్చి గోడ నిలబెట్టాక కొత్త గడప పెట్టారు. బాలమణి నన్నూ పిలిచింది. పూజ వేళకు మేస్త్రీతో ముచ్చట్లలో ఉన్న భర్తను కేకేసింది. "ఇట్ల రా, కూసో. గజ్జె నీ చేత్తోనే ఎయ్యి. రేపు ఎవడన్న వచ్చి మోగిస్తే యాదికుండాలె."

ఆయన వంగి వేశారు.

డిటెక్టర్ లోహం ఉందని చెబుతుందిగానీ, అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంటుంది, అడిగేవాళ్లే ఉండరు. ఈ మధ్య జల్‌పల్లి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. గడప దగ్గర సిగ్నల్ వచ్చిందట, తవ్వే చోటికి ఆడవాళ్లు రాకూడదని ఎవరో సాబ్ చెప్పాడట. "మీ సార్‌కు ఇయ్యమ్మా" అన్నాడు.

"గడప పూజ చేసిందెవరు?" అని అడిగాను.

"మా అమ్మ."

"ముందు ఫోను మీ అమ్మకివ్వు" అన్నాను.