షట్టర్ ముందు చెప్పుల వరుస

మరిపెడలో మాది చిన్న ఎరువుల దుకాణం. రైతులందరికీ ఒకేసారి మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ కొందామని, నిరుడు వానాకాలంలో ముందుగా ఉచితంగా వాడి చూశాను. ‘యూరియా వచ్చింది’ అని రాసి, పరీక్షగా నా ఫోనుకే పంపుకున్నాననుకున్నాను.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి షట్టర్ ముందు నుంచి రోడ్డు దాకా, రైతులు తమకు బదులు వరుసలో పెట్టిన చెప్పులు వానలో తడుస్తున్నాయి. మెసేజ్ అందరికీ పోయిందని అప్పుడు అర్థమైంది.

“యూరియా రాలేదు, పొరపాటయింది” అని పక్కన చూరు కింద నిలబడ్డ రైతులకు చేతులు జోడించాను. ఎవరూ తిట్టలేదు. కూలి మానుకుని కురవి దగ్గరి తండా నుంచి వచ్చిన అవ్వ తడి చెప్పులు తొడుక్కుంటూ అంది: “ఫోన్ల వచ్చిందని రాలే బిడ్డా. నువ్వు చెప్పినవని వచ్చిన.”

సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేసింది, తప్పు నొక్కింది నేనే. అయినా కొనలేదు. ఇప్పటికీ బస్తాలు కళ్లతో చూశాకే ఫోన్ చేస్తాను, ఒక్కొక్కరికీ, నా గొంతుతో.