కాళ్ళకు నీళ్ళు

నా చిన్నప్పుడు మా నాయినమ్మ గొంతు వినపడితే సిద్దిపేటల మా వాడకట్టు వాడకట్టే సర్దుకునేది. జొన్నలు కొలిచి ఇచ్చుడు కాడి నుంచి తన కొడుకు, మా బాపు, ఏ అంగీ తొడగాలె అన్నదాకా అన్నీ ఆమె చెప్పినట్టే నడవాలె. అసొంటి మనిషి నా కండ్ల ముంగటనే మారిపోయింది. నిజాం జమానా అది. గిది మెదడుకొచ్చే జబ్బు, అల్జీమర్స్ అంటరు అని చెప్పెటోళ్ళు ఎవరూ లేరు.

కూరల ఉప్పేసి, మర్చిపోయి మల్ల ఏసేది. తన వెండి కడియాలు తనే జొన్నల గుమ్మిల దాచి, కోడలు దొంగతనం చేసిందని మా అమ్మను నలుగురి ముంగట కొట్టింది. ఒకనాడు నన్ను సూసి, ఎవల పిల్లవే, మీ ఇంటికి పో అన్నది. రోజూ ఆమె పక్కల పండుకునేదాన్ని నేను.

పొద్దుగూకితే చాలు, మూట కట్టుకొని ధూళిమిట్టల తన పుట్టింటికి, కన్న అవ్వకాడికి పోతనని బయలెల్లేది. మీ అవ్వ సచ్చిపోయి ఎన్నేండ్లాయెనే అని బాపు ఆపేటోడు. ఆ మాట అప్పుడే ఇన్నట్టు గుండెలు బాదుకొని ఏడ్చేది. తెల్లారేసరికి మర్చిపోయేది. సాయంత్రం మల్ల అదే మాట, అదే ఏడుపు. ఒక్క చావుకు ఎన్నిసార్లు ఏడిపిస్తం అని అమ్మ అడిగితే, అబద్ధమాడుమంటవా అని బాపు కసురుకున్నడు.

గాలి సోకిందని ఎవరో అంటే వేపమండలతోటి కొట్టించిన్రు. తగ్గలే. ఒక సాయంత్రం కోమటి చెరువు కట్ట మీద ఒక్కతే దొరికినంక, ఇగ గుంజకు కట్టేసుడే అని బాపు ఎడ్ల పగ్గం తెచ్చి పెట్టిండు. కన్నతల్లిని కట్టేసే పగ్గం దిక్కు సూడలేక నేను పెరట్లకు పోయి ఏడ్చిన.

మరునాడు పొద్దుగూకంగ నాయినమ్మ మూట పట్టుకున్నది. బాపు పగ్గమందుకున్నడు. అమ్మ అడ్డమొచ్చింది. రెండు రొట్టెలు బట్టల కట్టి, పా అత్తా, ధూళిమిట్టకు నేను తీస్కపోత అని చెయ్యి పట్టుకొని పెరటి దర్వాజ నుంచి ఎల్లింది. ఇద్దరూ గల్లీ తిరిగి, మా ఇంటి ముంగటి గడప కాడికే వచ్చిన్రు. అమ్మ గబగబ లోపలికొచ్చి చెంబుతోటి నీళ్ళు తెచ్చి, పుట్టింటికొచ్చిన ఆడిబిడ్డకు అన్న పెండ్లాం ఇచ్చినట్టు ఇచ్చింది.

"రా వదినె, కాళ్ళు కడుక్కో. ఎంతో దూరం నడిచి వచ్చినవ్."

నాయినమ్మ కాళ్ళు కడుక్కున్నది. నిమ్మళంగ అరుగు మీద కూసోని రొట్టె తిన్నది. బాపు చేతుల పగ్గం అట్లనే ఉన్నది.

తింటుండంగనే అమ్మ చెయ్యి పట్టుకొని చెప్పింది నాయినమ్మ:

"మా ఇంట్ల కోడలున్నది వదినె. ఎంత తిట్టినా ఎదురు మాటనదు. బంగారమసొంటి పిల్ల. నేను మంచిగ వచ్చిన్నని దానికి కబురు పంపు, పరేషాన్ అయితది."

అన్నేండ్ల కాపురంల అమ్మ ఆ నోట ఒక్క మంచి మాట ఇనలే. పంపుతా వదినె అని చెంబు తీస్కొని లోపలికి పోయి, మొఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నది. బాపు ఆ పగ్గం మల్ల ఎన్నడూ ఇంట్లకు తేలే.

ఇప్పుడు నాకూ పేర్లు యాదికొస్తలేవు. కండ్లద్దాలు యాడ పెట్టిన్నో తెలుస్తలేదు. భయమైతది, దాసుకునుడెందుకు. అందుకే నా కోడలికి ముందే చెప్పి పెట్టిన. ఏదో ఒకనాడు నేను మూట కట్టుకొని మా అమ్మకాడికి పోతనంటే, మీ అమ్మ లేదని చెప్పకు బిడ్డా. గల్లీ చుట్టూ తిప్పి తీస్కరా. కాళ్ళకు నీళ్ళియ్యి.