నరసింహం పేరిట లాంతరు

వసుమతికి ఇంగ్లీషు బాగానే వచ్చు. అమెరికాలోని శాన్ హోసేలో ఏ బస్సైనా ఎక్కి ఎక్కడికైనా వెళ్లొస్తుంది, బ్యాంకులో తప్పు తమదేనని వాళ్లచేత ఒప్పించి మరీ వస్తుంది. ఎటొచ్చీ మొగుడి పేరు మాత్రం ఏ భాషలోనూ నోట రాదు. పేరు పెట్టి పిలిస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెళ్లినాడు వాళ్లమ్మ చెప్పింది, అంతే. ఎవరైనా ఫోన్ చేసి మీ హస్బెండ్ పేరేమిటని అడిగితే, ఎన్ ఫర్ నెల్లూరు అని మొదలుపెట్టి ఒక్కొక్క అక్షరమే అప్పజెప్పేది. పక్కన కూర్చున్న నరసింహం ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఆమె పనిచేసేది జపాన్‌టౌన్‌లో హిరానో గారి కాగితం లాంతర్ల కొట్లో. 1979లో కూతురు ఉష స్కూల్లో చేరాక, ఇంట్లో ఏమీ తోచక వీధులు తిరుగుతూ, ఒకరోజు ఆ కొట్టు అద్దం ముందు ఆగిపోయింది. లోపల ముసలాయన లాంతరు మీద కుంచెతో రాస్తున్నారు. ఆమె ఎంతకీ కదలకపోవడం చూసి, ఆయనే తలుపు తీసి లోపలికి రమ్మన్నారు. ముగ్గులకు అలవాటుపడ్డ చెయ్యి కాబట్టి పని తొందరగా పట్టుబడుతుందనుకుంది కానీ, చుక్కలు చూపించింది అది. సన్నటి వెదురు బద్దల మీద అంటించిన కాగితం మరి. ప్రతి బద్ద దగ్గరా కుంచె ఎగిరిపడుతుంది. ముందు అక్షరానికి అంచు గీసుకుని, తర్వాత లోపల నల్లసిరా నింపాలి. అంచు ఆయన గీసేవారు, సిరా ఆమె నింపేది.

పోయినవాళ్లను తలుచుకునే ఓబోన్ పండగ జూలైలో వస్తుంది. అప్పుడు కొట్లో ఊపిరాడదు. తమవాళ్ల పేరు లాంతరు మీద రాయించుకోవడానికి కుటుంబాలు వచ్చేవి. హిరానో గారికి ఒక పట్టింపు ఉండేది. పేరు కాగితం మీద రాసిచ్చినా సరే, ఇంటివాళ్లు ఎదురుగా కూర్చుని దాన్ని పైకి పలికితేగాని కుంచె ముంచేవారు కారు. యుద్ధం రోజుల్లో అమెరికా ప్రభుత్వం జపాన్ నుంచి వచ్చిన తమవాళ్లందర్నీ నిర్బంధ క్యాంపుల్లో పెట్టినప్పుడు వాళ్లమ్మను నంబరుతో పిలిచేవారట. ఆవిడ అక్కడే పోయింది. ఆ సంగతి ఆయన వసుమతికి ఒకే ఒక్కసారి చెప్పారు. అందుకే ఆ పట్టింపు ఆమెకెప్పుడూ చాదస్తంగా తోచలేదు. పేరు చెప్పబోయి ఏడ్చేసే ఆడవాళ్ల పక్కన తనే వెళ్లి కూర్చునేది.

1984 వేసవికి ముందే నరసింహం పోయాడు. పొద్దున కార్‌లో ఆఫీస్‌కి వెళ్లిన మనిషి, గుండె ఆగి అక్కడే కుప్పకూలాడు. జరగవలసిన కర్మలన్నీ జరిగాయి. అయినా జూలై వచ్చేసరికి వసుమతికి మనసు నిలవలేదు. ఏటా పండగకి నిచ్చెనెక్కి వీధంతా లాంతర్లు కట్టింది ఆయనే. ఆ వరసలో ఆయన పేరున ఒకటి వెలగాలి, అదీ తెలుగులో ఉండాలి. అదే ఆమె పట్టుదల. తనే రాసుకుంటానంటే హిరానో గారు ఒప్పుకోలేదు. సొంతవాళ్ల పేరు రాస్తే చెయ్యి వణుకుతుందన్నారు. ఆమె పెద్ద పెద్ద అక్షరాల్లో రాసిస్తే, బద్దల మీద మన గుండ్రాలు కుదరక, పాపం, ముసలాయన ఎన్ని పాత లాంతర్లు పాడుచేసుకున్నారో.

పండగ ముందురోజు సాయంత్రం ఆయన కొత్త లాంతరు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా వసుమతి, పక్కన ఉష.

"పేరు చెప్పండి, వసుమతీ," అన్నారు.

ఆమె నోరు పెగల్లేదు. ఆయన ఎదురుచూశారు. పలక్కపోతే ఆయన రాయరని, నల్లసిరా చుక్క పడకుండానే లాంతరు ఉత్తదిగా వేలాడుతుందని ఆమెకు తెలుసు. తల్లి అవస్థ చూడలేక ఉష ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఐ కెన్ సే ఇట్. నేను చెప్తా."

అందుకు హిరానో గారు సరేనని తలూపారు. గండం గడిచినట్టే. కానీ ఉష నోరు తెరవబోతుంటే వసుమతి ఆపేసింది. ఎందుకాపిందో ఆ క్షణంలోనే ఆమెకు తెలిసింది. ఆయుష్షు తగ్గుతుందన్న భయం ఇంకా ఉంది. ఆ భయం ఉన్నన్నాళ్లూ ఆయన ఎక్కడో ఉన్నట్టే. పేరు పలికిందంటే, ఇక కాపాడడానికి ఏమీ మిగల్లేదని తన నోటితో తనే చెప్పినట్టు.  అయినా ఈ మాట ఇంకెవరి నోటా రాకూడదనిపించింది.

"నరసింహం," అంది.

హిరానో గారు కుంచె ముంచి మొదటి అక్షరానికి అంచు గీశారు. ఆయన రెండో అక్షరానికి వచ్చేసరికి వసుమతి కూతురి వైపు తిరిగింది.

"మీ నాన్న ఎప్పుడూ వినలేదే, ఉషా, నా నోట ఆయన పేరు," అంది వసుమతి.