నీళ్లుంటే చాలన్న పంపు

ఆ రోజుల్లో కడపలో పంపు అంటే ఒకటే అర్థం, నీళ్లిచ్చేది. గాలి లాగేసే పంపు కూడా ఒకటుంటుందని ఊళ్లో నాకూ మా ప్రిన్సిపాలుకూ తప్ప ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. (ఆ వయసులో నమ్మకాలన్నీ గట్టివే.) మద్రాసులో చదువు ముగించుకొచ్చి, ఒక కొత్త కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా తాత్కాలికంగా చేరాను. వేసవిలో యూనివర్సిటీ కమిటీ వచ్చి డిగ్రీ క్లాసుకు సరేనంటే నా ఉద్యోగం నిలుస్తుంది. కాదంటే వేంపల్లెలో మా నాయన వేరుశెనగ చేను నాకోసం కాచుకుని ఉంది.

"ఏమప్పా, గాజు జాడీలో బ్యాటరీ గంట పెట్టి గాలి తీసేస్తే చప్పుడు ఆగిపోతాది కదా, కమిటీకి అది చూపీ. దానికి తగిన పంపు నువ్వే చూసి తెప్పీ" అన్నారు ప్రిన్సిపాలు. మోటారుతో తిరిగే నూనె పంపు మేలైనదే గానీ, మా కరెంటు ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. చేత్తో కొట్టేదైతే, పెద్దల ముందు చెమటలు కక్కుతూ కొట్టడం నా హోదాకు తగదు. ఇక మిగిలింది చిన్న ఇత్తడి గొట్టం. కొళాయికి బిగించి తిప్పితే, జోరుగా దూకే నీళ్లు జాడీలోని గాలిని తమతో లాక్కుపోతాయి. కరెంటొద్దు, నూనొద్దు, నీళ్లుంటే చాలు అని కేటలాగులో రాశారు. నీళ్లే కదా, అదెంత భాగ్యమనుకున్నాను. మద్రాసు నీళ్లు తాగి పుట్టిన సీమను మరచిపోయానన్నమాట.

గొట్టం వచ్చింది. బిగించి తిప్పితే కొళాయి బుస్సుమని ఊరుకుంది. శూన్యం అందులో ముందే సిద్ధంగా ఉంది.

"నీళ్లతో నడిచేదాన్ని కడపకు తెచ్చినావా? శానా తెలివప్పా నీది" అన్నారు ప్రిన్సిపాలు, మెచ్చుకుంటున్నట్టే. చేసేదిలేక మిద్దెమీద పీపాయి పెట్టించి, బండ్లమీద నీళ్లు తెప్పించి నింపి, అక్కడినుంచి ఇత్తడి గొట్టానికి పైపు దించాం. ఈలోగా కాలేజీకి పంపు వచ్చిందని ఊరంతా పాకింది.

కమిటీ వచ్చింది. నేను నీళ్లు వదిలాను. జాడీలో గంట కాస్త నీరసించిందే తప్ప ఆగలేదు. నా గుండె మాత్రం ఆగినంత పనైంది. సరిగ్గా అప్పుడే, నీళ్లు బయటపడే చోట కిటికీ కింద గొడవ మొదలైంది. "నా బిందె యాడికి తోస్తాండావు?" "ముందొచ్చింది నేను గదక్కా, ఈడ పెట్టనీ." ఆ కేకల్లో గంట కాదు కదా, ప్రిన్సిపాలు దగ్గు కూడా వినపడలేదు. కమిటీ పెద్దాయన జాడీ దగ్గర చెవి పెట్టి, "ఏమీ వినిపించడం లేదోయ్, గాలి బాగా తీశావు" అని, ఎండకు నాలుక పిడచకట్టిందేమో, మంచినీళ్లు అడిగారు.

పీపాయిలో చుక్క లేదు. కిటికీలోంచి వంగి, "అక్కా, ఒక చెంబు నీళ్లు పోస్తావా?" అన్నాను. "పోస్తాలేప్పా. రేపు గూడా ఈ పంపు ఇడుస్తారా?" అందావిడ. పెద్దాయన ఆ మాట విన్నారు, నీళ్లు తాగారు, కిటికీ దగ్గరికొచ్చి కింద బిందెల వరుస చూశారు.

క్లాసుకు అనుమతి వచ్చింది, ముందు కాలేజీకి నీటి వసతి కల్పించాలన్న షరతుతో. గేటు దగ్గర వీధికి కూడా ఒక కొళాయి పడింది. ఆ తరువాత బతుకంతా ఫిజిక్సే చెప్పాను. అయినా ఆ వీధిలోకి వెళితే ఇప్పటికీ ఎవరో ఒకరు, "నీళ్లయ్యవారూ, బాగుండారా?" అంటారు. ఫిజిక్సు అయ్యవారినని మొదట్లో సరిదిద్దేవాణ్ణి. ఇప్పుడు, బాగుండానమ్మా అంటాను.