గుండె అరలో ఆక్సిజన్

మా మేనకోడలిని ఇంటిల్లిపాదీ బుల్లి అంటారు. చేసే పనేమిటని అడిగితే, "యంత్రాలు చెప్పుకునే కబుర్లు మూటకట్టి పంపుతాను, అవతల విప్పుతాను" అంటుంది. ఆసుపత్రిలో మంచం పక్కనున్న యంత్రం రోగి గుండె వేగాన్నీ, రక్తంలోని ఆక్సిజన్ శాతాన్నీ కొలుస్తుంది. ఆ అంకెలు నర్సుల గదిలోని తెరకు సందేశాలుగా చేరుతాయి. వాటిని కూర్చి, విప్పే సి అనే కంప్యూటర్ భాషలో రాసిన లైబ్రరీని, అంటే పలు ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌ను, ఆమె ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఎవరెవరో రాసి వెళ్లిన కోడ్‌ను పారేయకుండా, చిరుగున్న చోట కుట్టు వేస్తూ వచ్చింది.

ఒక్క విషయం మాత్రం ఆమెకు కంట్లో నలుసులా ఉండేది. సందేశంలో ఒక్కో అంకెకూ కేటాయించిన అరలు ఎవరికి తోచినట్టు వారు చేర్చినవి. గుండె వేగం ఒక మూల, నాడికి సంబంధించిన మిగతావి మరో మూల. వాటిని వరుసగా సర్దింది. కోడ్ హాయిగా చదువుకునేలా తయారైంది. పరీక్షలన్నిటా నెగ్గింది. సోమవారం అందరికీ ఇవ్వబోయే ఈ కొత్త కూర్పును, ముందుగా చూడగోరినవారికి ఇచ్చింది.

శనివారం ఉదయం ఫోను మోగింది.

"మేడమ్, ఆసుపత్రి యంత్రాలు చూసేవాణ్ణి. ఈ-మెయిళ్లతో మిమ్మల్ని విసిగిస్తుంటానే, వాణ్ణే."

"విసిగించడమేంటండీ, చెప్పండి."

"మీ కొత్త కూర్పు ప్రకారం నేనిప్పుడు స్పృహ తప్పి పడుండాలి. ఆక్సిజన్ డెబ్బై రెండు, గుండె తొంభై ఎనిమిది చూపిస్తోంది. నేనేమో శుభ్రంగా టీ తాగుతున్నాను!"

ఏ కూర్పునైనా రోగుల దగ్గరికి పంపేముందు, మూలనపడ్డ పాత యంత్రంలో వేసి, ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తన వేలికే తగిలించుకుని చూడటం ఆయన అలవాటు. రెండు అంకెలూ నమ్మదగినట్టే ఉన్నాయి. అదే భయంకరం.

బుల్లికి వెంటనే అర్థమైంది. ఆసుపత్రిలోని తెర ప్రోగ్రాము ఎప్పుడో తయారైనది. అది అరల పేర్లు చూడదు, ఎన్నో అర అన్నదే చూస్తుంది. అందుకే గుండె అంకెను ఆక్సిజన్‌గా, ఆక్సిజన్ అంకెను గుండె వేగంగా చూపించింది. ఆమె పరీక్షలు మాత్రం కొత్త వరుసతో పాటే మళ్లీ తయారయ్యాయి. అందుకే ఏదీ తప్పనలేదు.

పక్కనే బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తారు. "ఏమైందే, మొహం అలా పాలిపోయింది?"

"డబ్బాలు సర్దాను అత్తయ్యా. చూడకుండా చెయ్యిపెట్టేవాళ్లుంటారని మరిచిపోయాను."

"నేను ఉప్పూ పంచదారా అటూ ఇటూ మారిస్తే మీ ఆయన టీ తాగాడే, అలాగా?"

"అలాగే. కాకపోతే ఇక్కడ మింగేది రోగి."

ప్రోగ్రాములన్నీ మళ్లీ తయారు చేసుకోండని ఒక సూచన రాసి చేతులు దులుపుకోవచ్చు. కానీ అది చదవకుండానే కూర్పు మార్చేవారు ఉండకపోరు. నెలల తరబడి ముచ్చటపడి చేసిన వరుసను బుల్లి తన చేతులతోనే చెరిపేసింది. మనసు చివుక్కుమంది. అయినా పాత అరలన్నీ యథాస్థానాలకు చేరాయి. ఎవరైనా వాటిని కదిపితే కోడ్ తయారీయే ఆగిపోయేలా ఒక కాపలా పెట్టి, పైన ఇలా రాసింది: "చూడ ముచ్చటగా లేదని తెలుసు. కదపకండి. ఇది పట్టుకున్న ఆసుపత్రి టెక్నీషియన్‌గారికి రుణపడి ఉన్నాం."

సాయంత్రం ఆయన మళ్లీ ఫోను చేశారు.

"కొత్తది వేశాను మేడమ్. గుండె డెబ్బై నాలుగు, ఆక్సిజన్ తొంభై ఎనిమిది."

"క్లిప్పు ఎవరి వేలికుంది?"

"నా వేలికేనమ్మా. ఈ గదిలో నేనూ, ఈ ముసలి యంత్రమూ తప్ప ఎవరున్నారు?"

"మీ మేలు ఎలా చెప్పుకోవాలో తెలియట్లేదండీ."

"భలేవారే! ఇన్నేళ్లూ మా వార్డులో అంకె తప్పకుండా చూసింది మీరు. ఒక్కపూట నేను చూశాను, అంతేగా."

"అన్నయ్యగారూ, ఆ అంకెలు ఇంకొక్కసారి చదవరూ" అంది బుల్లి.

ఆయన నవ్వి, తన గుండె వేగాన్ని నెమ్మదిగా మళ్లీ చదివి వినిపించారు.