మా ఆయన వదలని బల్ల

మా ఆయనకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కూరగాయలవాడు తూకం వేస్తుంటే తక్కెడ వైపు కాదు, వాడి వేళ్ల వైపు చూస్తాడు. పాల మీద మీగడ మందంగా కడితే సంతోషించడు, ఇందులో ఏం కలిపారో అంటాడు. అలాంటి మనిషి జీవితంలో కొన్నవన్నీ చెత్త గిటార్లే. ఒక్కటంటే ఒక్కటి సరైనది దొరకలేదు.

ఆయన వాయించేది బేస్ గిటారు. నాలుగు లావుపాటి తీగలుంటాయి, గుమ్ గుమ్మంటుంది. అది మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం పాటకి నడుం విరిగినట్టుంటుంది. పగలు లేతు షాపులో ఇనుము కోసేవాడు, సాయంత్రాలు పార్టీల్లో వాయించే బ్యాండులో బేసు పట్టుకునేవాడు. ఆ బ్యాండులో డ్రమ్ములు మా తమ్ముడివి. దాన్ని నడిపించేది కీబోర్డు వాయించే పెద్దాయన, మాకందరికీ మాస్టారు. ఇప్పుడా బ్యాండు లేదు, మాస్టారు వయసు మీదపడి మానేశారు. కాబట్టి ఈ సంగతి చెప్పినా ఎవరి పొట్టా కొట్టినట్టు కాదు. తమ్ముడు చదివితే చదవనీ.

మా ఆయన గిటారు కొనే తీరు చూస్తే షాపువాళ్లకి ముచ్చెమటలు పట్టేవి. ముందు ఒక కన్ను మూసి, తుపాకీ గురిపెట్టినట్టు గిటారు మెడ పొడవునా చూసేవాడు. తర్వాత వెనక్కి తిప్పి వేళ్లతో కొట్టేవాడు, వాసన చూసేవాడు. చివరికి గిటారు ఒంటికి పైన పొడుచుకొచ్చిన కొమ్ముకి గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని తీగలు మీటేవాడు. షాపు గోలలో చెవికి దొరకని తప్పు దవడ ఎముకకి దొరుకుతుందట. బేసు వాయించేవాళ్లు చాలామంది అలాగే చూస్తారని తమ్ముడు కూడా అన్నాడు గానీ, అందరూ మా ఆయనలా అంతసేపు మాత్రం చూడరు.

ఇంతా చేసి మోసపోవడం ఆపలేదు. మొదటి గిటారు మొదటి వానాకాలంలోనే విల్లులా వంగింది. తీగకీ చెక్కకీ మధ్య నా కత్తెర దూరేది. దాన్ని నొక్కి నొక్కి, మీటి మీటి ఆయన రెండు చేతుల వేళ్లూ బొబ్బలెక్కితే, రాత్రి అన్నం నేను కలిపి పెట్టాల్సి వచ్చేది. రెండోది ఎర్రగా నిగనిగలాడేది. ఆ ఎరుపు చెమట తగలగానే చొక్కాకి అంటుకుంది, లోపల చూస్తే సగం చెక్క, సగం పుట్టీ. ఒకసారి పాట మధ్యలో దాని బిరడా ఊడి డ్యాన్సు చేసేవాళ్ల కాళ్ల మధ్యకి దొర్లితే, మా ఆయన మోకాళ్ల మీద వెతుక్కున్నాడట. మూడోది షాకు కొట్టేది. వెనక నుంచి గొంతు కలుపుదామని మైకుకి పెదవి ఆనిస్తే చాలు, ఎగిరిపడేవాడు. అది బ్యాండు అదృష్టమని మా తమ్ముడు అనేవాడు, ఎందుకంటే మా ఆయన గొంతు అలాంటిది. పైగా దాని వైర్లలోంచి ఎక్కడివో టాక్సీవాళ్ల మాటలు వచ్చేవి. మంచి విరహగీతం నడుస్తుంటే స్పీకర్లోంచి ఎవడో, స్టాండు దగ్గరికి వచ్చెయ్యి, సవారీ ఉంది అనేవాడు.

వీటన్నిటికీ మా ఇంట్లో నవ్వుకున్నాం. నవ్వు ఆగిపోయింది ఎప్పుడంటే, మంచి గిటార్లు రావడం మొదలైనప్పుడు.

తమ్ముడు స్నేహితుల దగ్గర్నుంచి ఒకటొకటిగా తెచ్చి చూపించేవాడు. మా ఆయన గడ్డం ఆనించేవాడు, మీటేవాడు, తిరిగి ఇచ్చేసేవాడు. అన్నిటికీ ఒకటే మాట, ఇది మూగది. ఇదివరకు తప్పు పడితే ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు, మెడ మీది ఏ పట్టీ దగ్గర తీగ కొట్టుకుంటోందో, ఏ మర వదులైందో. ఇప్పుడు కారణం లేదు, వివరం లేదు. బావకి చాదస్తం ముదిరిందని తమ్ముడు అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది.

ఒకరోజు మా ఆయనే బల్లని తెచ్చాడు. ఆ పేరు తర్వాత బ్యాండువాళ్లు పెట్టారు గానీ, చూడగానే నాకూ అదే తోచింది. ఏదో పాత బెంచీ కోసి, దానికి మెడ అతికించి, నాలుగు తీగలు లాగినట్టుంది. ఎత్తితే భుజం కిందికి జారిపోతుంది. మీటితే ఒంట్లోని మేకులన్నీ గలగలమంటాయి, స్పీకర్లోకి మాత్రం నీరసంగా వెళుతుంది. పాలని అనుమానించే మనిషి, బంగారం లాంటి గిటార్లని వెనక్కి పంపిన మనిషి, దీన్ని గుండెకి హత్తుకుని ఇదే నాది అన్నాడు. ఎక్కడ కొన్నారని అడిగాను. ఒకావిడ దగ్గర అన్నాడు. ఏ ఆవిడ అంటే తీగలు సవరించుకోవడంలో పడ్డాడు.

ఆ రోజు నుంచి నేను కనిపెట్టడం మొదలుపెట్టాను. నేను కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలు కుడతాను. కూర్చున్నచోటు నుంచి వంటగదీ, వీధి తలుపూ రెండూ కనిపిస్తాయి. నా వీపు ఆయన వైపు ఉన్నప్పుడు ఏదైనా అడిగితే పలకడు. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం నా మొహం నుంచి కళ్లు తిప్పడు. పెళ్లైన కొత్తలో కూడా అలా చూడలేదు. ఇన్నేళ్లకి ఒక మగాడు పెళ్లాం మొహంలోకి అంత శ్రద్ధగా చూస్తున్నాడంటే, దాని వెనక ఏదో తప్పు ఉండి తీరాలి. ఇదంతా ఎప్పటికప్పుడు తమ్ముడికి చెప్పేదాన్ని. నా కడుపులో మాట దాగదు, అది మా ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడే బ్యాండుకి పెద్ద హోటల్లో పని కుదిరింది. వారం వారం అక్కడే వాయించాలి, అందరూ తెల్లబట్టలు వేసుకోవాలి, వాయిద్యాలు కంటికి నదురుగా ఉండాలి. మాస్టారు తానే ఒక కొత్త బేసు కొన్నారు. అది వాయిస్తావా, లేకపోతే ఇంకొకర్ని చూసుకోనా అని మా ఆయనకి కబురు పంపారు. ఆయన దాన్ని చూడను కూడా చూడకుండా వద్దన్నాడు.

లేతు షాపులో రోజంతా తలొంచుకుని ఉండే మనిషి, ఆ సాయంత్రాల కోసమే బతికేవాడు. బ్యాండు పోతే ఏమైపోతాడోనని నాకు నిజంగా భయం వేసింది. ఒక చెక్క కోసం ఎవడూ అంత వదులుకోడు. వదులుకుంటున్నాడంటే అది ఇచ్చినావిడ కోసమే. దానికి తోడు, ఆదివారం మధ్యాహ్నాలు ప్రాక్టీసని చెప్పి బల్ల భుజానేసుకుని వెళుతున్నవాడు, అసలు ప్రాక్టీసుకే రావట్లేదని తమ్ముడు చెప్పాడు. లేతు షాపు వైపు వెళుతుండగా చూశానని కూడా అన్నాడు. ఆదివారం ఆ షాపుకి సెలవు.

ఆ ఆదివారం ఆయన వెళ్లిన కాసేపటికి నేనూ బయల్దేరాను. ఏం అనాలో దారి పొడవునా కూడబలుక్కున్నాను.

షట్టరు సగం పైకి లేచి ఉంది. వంగి లోపలికి వెళ్లాను. మా ఆయన ఒక చెక్కపెట్టె మీద, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఒళ్లో బల్ల, దాని కొమ్ము మీద గడ్డం. గిటారు ఒంటి మీద ఫోను బోర్లా పెట్టి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. ఫోన్లోంచి ఏదో పాట వస్తోంది. నేను ముందు ఆవిడ కోసం వెతికాను. లేతు మిషన్ల వెనక చూశాను, ఇనప చువ్వల చాటున చూశాను, బాత్రూం తలుపు తోసి మరీ చూశాను. ఎవరూ లేరు. నేనంత హడావుడి చేస్తున్నా ఆయన కదల్లేదు.

ఏమండీ అన్నాను. గట్టిగా అన్నాను. ఆవిడేదండీ అని షాపు దద్దరిల్లేలా అడిగాను. ఆయన తల కూడా తిప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయి, ఆ బల్లని లాగి పారేద్దామని చెయ్యి వేశాను.

అరచేతి కింద అది వణుకుతోంది. పాట మొత్తం ఆ చెక్కలో ఉంది. ఆ వణుకు నాకు కొత్త కాదు. బాబిన్లో దారం చిక్కుపడితే కుట్టు చెడకముందే కుట్టుమిషను చెక్కలోంచి నా మోకాలికి తెలిసిపోతుంది. పక్కన రేడియో ఎంత మోగినా సరే, అది తెలియడానికి చెవి అక్కర్లేదు. నా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

చెయ్యి బరువుకి ఆయన కళ్లు తెరిచాడు. నన్ను చూసి అదిరిపడి, వెంటనే నా పెదాల వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ చూసింది నా మొహం కాదని.

"ఎప్పట్నుంచండీ?" అన్నాను.

"కుడి చెవి పోయి చాన్నాళ్లయింది. ఎడమది కాస్త పలుకుతుంది, అదీ అప్పుడప్పుడు."

లేతు మిషను ఒకవైపు, మా తమ్ముడి డ్రమ్ములు ఇంకోవైపు కలిసి చెవులు తినేశాయట. డాక్టరు చెవిలో వినికిడి మిషను పెట్టుకోమన్నాడట. అది పెట్టుకుని స్టేజీ ఎక్కితే మర్నాడే ఇంకొకర్ని తెచ్చుకుంటారని ఈయన మానేశాడు. మంచి గిటారు బలమంతా వైర్లోకి పంపేస్తుంది, చెక్క కిక్కురుమనదు. చెడ్డదైతే ఒళ్లంతా వణుకుతుంది. ఆయన చూసినవాటిల్లో అన్నిటికంటే చెడ్డది బల్లే, అందుకే దాని దగ్గరే ఆయనకి పాట వినపడింది. కొత్త పాటలన్నీ ఇక్కడికొచ్చి దానికి గడ్డం ఆనించే నేర్చుకుంటున్నాడు.

"మరి ఆవిడెవరు?" అన్నాను. అంత బాధలోనూ అడక్కుండా ఉండలేకపోయాను.

ఎవరో ముసలావిడట. ఆవిడ తమ్ముడెవరో ఎప్పుడో వదిలిపోయిన గిటారుని, కిటికీ గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుందట.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే మీ తమ్ముడికి చెప్పినట్టే. వాడికి చెప్తే మాస్టారికి చెప్పినట్టే."

కోపం ముంచుకొచ్చింది. కాదని ఒక్క మాట అనలేకపోయినందుకు ఏడుపూ వచ్చింది. పాలవాణ్ణీ, కూరలవాణ్ణీ అనుమానించినట్టే నన్నూ అనుమానించాడు, కానీ నా విషయంలో ఆయన లెక్క తప్పలేదు.

ఆ వారంలోనే మాస్టారు మా ఇంటికొచ్చారు. వెంట తమ్ముడు, తమ్ముడి చేతిలో కొత్త బేసు. వద్దనేముందు ఒక్కసారి వాయించి చూడమని మాస్టారు మర్యాదగానే అడిగారు. తప్పించుకునే దారి లేదు. మా ఆయన దాన్ని మెడలో వేసుకుని గడ్డం ఆనించాడు. తమ్ముడు తొడ మీద తాళం వేశాడు.

కొంతదూరం బాగానే నడిచింది, తమ్ముడి చెయ్యి కనిపిస్తోంది కాబట్టి. ఇంతలో తమ్ముడు దగ్గు వచ్చి మొహం పక్కకి తిప్పుకుని, తాళం వేసే చెయ్యి ఆయనకి కనపడని వైపుకి మార్చాడు. అంతే, మా ఆయన వేళ్లు దారి తప్పాయి. ఆగలేదు, తప్పినట్టు ఆయనకి తెలియలేదు. తమ్ముడు తాళం ఆపేసినా ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. తమ్ముడు ఆయన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "అక్కా, బావకి..." అని మొదలుపెట్టాడు.

నేను కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి, మా ఆయన మెడలోంచి ఆ గిటారు తీసుకున్నాను. వెలుతురు కోసం గుమ్మం వైపు తిరిగి, ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాను. వెనక కొట్టాను. వాసన చూశాను. గడ్డం కూడా ఆనించాను.

"మాస్టారూ, మిమ్మల్ని ఎవరో మోసం చేశారు," అన్నాను. "దీని మెడ వంకర. దీని మీద ఎవరు వాయించినా ఇంతే."

మాస్టారు నిర్ఘాంతపోయారు. నిన్నగాక మొన్న పెట్టెలోంచి తీశానమ్మా అన్నారు. కొత్తవే కదా అంటగడతారు అన్నాను. ఇన్నేళ్లు ఈ మనిషితో కాపురం చేసి ఆ మాత్రం తెలియదా అన్నాను. ఆయన గిటారు అందుకుని, ఒక కన్ను మూసి చూశారు. అనుమానంతో చూస్తే ఏ కర్రయినా వంకరగానే కనబడుతుంది. అవునమ్మా, కొంచెం ఉన్నట్టే ఉంది అన్నారు చివరికి. బల్లకి మెరిసే తెల్లగుడ్డతో తొడుగు నేనే కుట్టి ఇస్తానని, హోటలువాళ్లకి కంటికింపుగా ఉంటుందని చెప్పాను. ఆయన ఒప్పుకుని, షాపువాడి సంగతి తేలుస్తానంటూ లేచారు. పాపం ఆ షాపువాడు.

తమ్ముడు గుమ్మంలో ఆగాడు. "నిజం చెప్పు అక్కా. బావకి ఏమైంది?"

"నడుం నొప్పిరా," అన్నాను. వాడి మొహం చూసి అబద్ధం చెప్పడం నాకదే మొదలు.

తలుపేసి వచ్చేసరికి మా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. నేను మాట్లాడినంతసేపూ నా మొహం గుమ్మం వైపు ఉంది, ఆయనకి ఒక్క ముక్కా అందలేదు. చెప్పేశాననే అనుకుంటున్నాడు. మొహంలో రక్తపు చుక్క లేదు.

"చెప్పేశావా?" అన్నాడు.

నేను ఆయన్ని కూర్చోబెట్టాను. మూలనున్న బల్లని ఈడ్చుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన అలవాటుగా గడ్డం ఆనించాడు. నేను కింద కూర్చుని, చెక్కకి రెండో చివర నోరు ఆనించి, ఊపిరంతా కూడగట్టి, బ్యాండులో మీ చోటు మీదేనండీ, ఎవరికీ చెప్పలేదు, చెప్పను అని అరిచాను.

ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. నా మొహం చూడలేదు.

"మెల్లగా చెప్పు," అన్నాడు. "వినపడుతోంది."