ఇత్తడి ముక్క, నిమ్మకాయ

మొన్న గోపాలపట్నంలో వాయిద్యాల దుకాణానికి వెళితే, ఎలక్ట్రిక్ గిటారు బ్రిడ్జి మీద తీగలు ఆనే చిన్న ముక్కలను, సాడిల్స్ అంటారు వాటిని, దుకాణదారు ఆమె బల్ల మీద పరిచి, ఉక్కువా, ఇత్తడివా, గ్రాఫైట్‌వా అని అడిగింది. ఇత్తడిది చేతిలోకి తీసుకోగానే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, వేలు దాని గాడిని తడిమింది.

గాజువాక వర్క్‌షాపులో నేను ఫిట్టరుగా ఉన్న రోజుల్లో మాకొక పాటల దళం ఉండేది. దిష్టి లేదు, దయ్యం లేదు అని ఊరూరా సభలు పెట్టి వాదించేవాళ్ళం. మన వయసువాళ్ళకు అలాంటి సభలు గుర్తుండే ఉంటాయి. గిటారు నాది, డప్పు మా మేనత్త కొడుకుది. ఉప్పుగాలికి ఉక్కు సాడిల్స్ తుప్పు పట్టి గరుకెక్కి, మూడో తీగ ప్రతి సభలోనూ సరిగ్గా సాడిల్ మీద ఆనే చోటే తెగిపోయేది. దిష్టి లేదని పాడుతుండగా తీగ తెగితే జనం నవ్వరా? నవ్వేవారు.

“సెప్పినాను కదా బావా, ఇది దిష్టే,” అనేవాడు మా బావ.

“దిష్టయితే మిగతా ఐదు తీగలూ ఎందుకు తెగవు?”

“దానికే ఎక్కువ తగిలిందేటో.”

భీమిలి సభకు ముందు, పాత ఓడ వాల్వు నుంచి కోసిన ఇత్తడి ముక్కను ఆకురాయితో అరగదీసి, తీగ ఆనే గాడిని వేలితో తడిమి తడిమి నునుపు చేసి, మూడో తీగ కింద బిగించాను. ఇత్తడికి తుప్పు పట్టదు, ఉక్కుకన్నా మెత్తన, తీగను కొయ్యదు. కారణం తెలిశాక భయమెందుకని నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకున్నాను. అయినా అరచేతులకు చెమటలు ఆగలేదు. వేదిక ఎక్కబోతూ చూసుకుంటే, గిటారు పట్టీకి లోపలివైపు చిన్న నిమ్మకాయ కట్టి ఉంది.

“తీసీ బావా,” అన్నాడు డప్పు సవరించుకుంటూ. “నమ్మనోడివి, నీకేటి బయ్యం?”

ముడి మీద వేలు పెట్టాను. విప్పలేదు. సమయం లేదనుకున్నాను, ఉంది.

మూడో తీగ మీదికి వేలు వెళ్ళినప్పుడల్లా ఊపిరి బిగబట్టాను. అది తెగలేదు. చివర ఇత్తడి గొప్పతనాన్ని వివరిస్తూ, కారణం వెతికితే దొరుకుతుందని అదరగొట్టే ప్రసంగం చేశాను, నిమ్మకాయను ఒక చేత్తో కప్పుకుని. డప్పు పక్కన కూర్చున్న బావ అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. నిమ్మకాయ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు తీగ తెగితే ఎందుకు తెగిందని పోట్లాడుకునేవాళ్ళు కనబడరు. నచ్చిన లోహం ఎంచుకుని ముక్క మార్చేస్తారు. నేను ఇత్తడిదే కొన్నాను. తీగను నిలబెట్టింది ఇత్తడే, నాకు అందులో అనుమానం లేదు. కానీ ఆ సాయంత్రం ఆ ముడి విప్పి ఉంటే, ఆ మాట బావ కళ్ళలోకి చూసి చెప్పగలిగేవాణ్ణి.